రెండు టర్న్‌టేబుళ్లు, పది సెకన్ల మెమరీ: హిప్‌హాప్ శబ్దం ఎలా తయారైంది

హిప్‌హాప్ చరిత్ర అనగానే ర్యాపర్ల పేర్లు, ఆల్బమ్‌లు, అమ్మకాలు వరుసగా చెప్పుకుపోవడం అలవాటైంది. ఆ వరుసలో అబద్ధమేమీ లేదు గానీ, ఈ సంగీతం పాడేవాళ్లతో మొదలు కాలేదన్న సంగతి అందులో కనబడదు. రికార్డు తిప్పే మనిషితో అది మొదలైంది. వినడానికి తయారుచేసిన యంత్రాన్ని వాయిద్యంగా మార్చుకోవడమే హిప్‌హాప్ చేసిన అసలు పని. ఆ తర్వాత దాని శబ్దం మారిన ప్రతిసారీ వెనుక ఒక యంత్రం పరిమితో, ఒక కోర్టు తీర్పో ఉంటుంది. ఈ రెండింటినీ పట్టుకుంటే యాభై ఏళ్ల చరిత్ర చాలావరకు అర్థమవుతుంది.

1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్ కింది హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలన్నది ఆమె ఆలోచన. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు వేసింది ఆమె అన్న క్లైవ్. అప్పటికి అతనికి 18 ఏళ్లు, అందరూ పిలిచే పేరు డీజే కూల్ హెర్క్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి 1967లో బ్రాంక్స్ వచ్చినవాడు కాబట్టి, వీధిలో పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చి జనాన్ని ఆడించే సౌండ్ సిస్టమ్ సంప్రదాయం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

ఆనాటి బ్రాంక్స్ ఎలా ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యంలో కట్టిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే పేటల మధ్యనుంచి దూసుకుపోయి వేల కుటుంబాలను లేచిపోయేలా చేసింది. మిగిలిన ఇళ్లకు విలువ పడిపోయింది. అద్దెకన్నా ఇన్సూరెన్స్ డబ్బే ఎక్కువని సొంత భవనాలకు నిప్పు పెట్టించిన యజమానులున్నారు. 1975 నాటికి న్యూయార్క్ నగరమే దివాలా అంచుకు చేరింది. అలాంటి చోట పిల్లల చేతికి అందింది ఇంట్లో అమ్మానాన్నలు కొన్న రికార్డులు, ఒక ఆంప్లిఫయర్, రికార్డులు తిప్పే రెండు టర్న్‌టేబుళ్లు.

ఆడేవాళ్లను గమనించడమే హెర్క్ గొప్పతనం. పాట నడుస్తున్నంతసేపూ గోడకు ఆనుకుని నిలబడే కుర్రాళ్లు, గొంతూ మిగతా వాయిద్యాలూ ఆగిపోయి డ్రమ్స్, బాంగోలు మాత్రమే మిగిలే ఆ కొద్ది సెకన్లలో ఒక్కసారిగా మధ్యలోకి దూకేవాళ్లు. ఆ భాగాన్నే బ్రేక్ అంటారు. జేమ్స్ బ్రౌన్ పాటల్లో, ఇంక్రెడిబుల్ బాంగో బ్యాండ్ వాయించిన ‘అపాచీ’లో ఇలాంటివి ఉన్నాయి. హెర్క్ ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకదానిలో బ్రేక్ అయిపోతుండగానే రెండోదానిలో అదే బ్రేక్ మొదలుపెట్టేవాడు. ఐదు సెకన్ల భాగం ఐదు నిమిషాలు సాగేది. దీనికి అతను పెట్టుకున్న పేరు మెర్రీ గో రౌండ్. ఏ రికార్డు వేస్తున్నాడో పోటీ డీజేలకు తెలియకుండా లేబుళ్లను నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు కూడా. ఆ బ్రేకుల మీద ఆడినవాళ్లే బీబాయ్‌లు, బీగర్ల్‌లు. డ్యాన్సుకు బ్రేకింగ్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

అయితే హెర్క్ సూదిని కంటి అంచనాతో దించేవాడు. ఒక బ్రేక్ నుంచి ఇంకో బ్రేక్‌కు మారేటప్పుడు తాళం తప్పేది. దీన్ని సరిచేసింది బార్బడోస్‌లో పుట్టిన జోసెఫ్ సాడ్లర్, అంటే గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్. అతని పద్ధతిలో ఉన్నది శుద్ధ లెక్క. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీకి ఒక చుట్టు పూర్తవడానికి 1.8 సెకన్లు పడుతుంది. నిమిషానికి 110 బీట్ల వేగంతో నడిచే పాటలో రెండు బార్లంటే ఎనిమిది బీట్లు, అంటే 4.36 సెకన్లు. రికార్డు మీద చూస్తే రెండున్నర చుట్లకు ఒక పిసరు తక్కువ. కాబట్టి సూదిని ఎత్తనే అక్కర్లేదు. బ్రేక్ మొదలయ్యే చోట క్రేయాన్‌తో రికార్డు మీద గీత గీసి, ఆ గీత ఎన్నిసార్లు దాటిందో చూసుకుంటూ రికార్డును చేత్తో అన్ని చుట్లు వెనక్కి తిప్పితే చాలు. ఈలోగా రెండో టర్న్‌టేబుల్ మీద అదే భాగం మోగుతూ ఉంటుంది. వెనక్కి తిప్పే చప్పుడు జనానికి వినబడకుండా, తన హెడ్‌ఫోన్‌లో మాత్రమే వినబడేలా ఫ్లాష్ మిక్సర్‌కు ఒక స్విచ్ అమర్చుకున్నాడు.

చెప్పడం తేలిక, చెయ్యబోతే మూడు చోట్ల బెడిసికొడుతుంది. మొదటిది ప్లాటర్, అంటే రికార్డును మోస్తూ తిరిగే పళ్లెం, మీది రబ్బరు మ్యాట్. అది రికార్డును గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి రికార్డును వెనక్కి తిప్పితే మోటారు కూడా ఈడ్చుకుపోయి వేగం పడిపోతుంది. ఫ్లాష్ ఫెల్ట్ గుడ్డను గుండ్రంగా కత్తిరించి, గంజి పెట్టి బిరుసుగా చేసి రబ్బరుకు బదులు వేశాడు. కింద ప్లాటర్ తిరుగుతూనే ఉంటుంది, పైన రికార్డు చేతి మాట వింటుంది. ఇప్పటి స్లిప్‌మ్యాట్ అదే. రెండోది బెల్టుతో తిరిగే టర్న్‌టేబుల్. చెయ్యి తీశాక బెల్టు మళ్లీ వేగం అందుకోవడానికి సమయం తీసుకుంటుంది, మొదటి బీట్ ఈడ్చినట్టు వినిపిస్తుంది. మోటారే నేరుగా ప్లాటర్‌ను తిప్పే టెక్నిక్స్ ఎస్ఎల్ 1200 యంత్రం 1972లో వచ్చింది. 1979 నాటి ఎంకే2 నమూనా 0.7 సెకన్లలో పూర్తి వేగం అందుకుంటుంది, వేగాన్ని 8 శాతం అటూ ఇటూ జరపడానికి పక్కన జారే మీట ఉంటుంది. క్లబ్బుల్లో దశాబ్దాలు నిలిచింది అందుకే. మూడోది సూది. ఇంట్లో వినేందుకు పెట్టే తేలిక బరువుకు వెనక్కి తిప్పగానే సూది గాడి తప్పుతుంది. అందుకని డీజేలు గుండ్రని మొన ఉన్న సూది పెట్టి బరువు పెంచుతారు. దాని మూల్యం రికార్డు చెల్లిస్తుంది: తిప్పిన చోట గాడి అరిగి, బ్రేక్ ముందు బుస్సుమనే శబ్దం శాశ్వతంగా ఉండిపోతుంది. రికార్డును ముందుకీ వెనక్కీ రుద్దే స్క్రాచ్‌ను తాళానికి తెచ్చిన ఘనత గ్రాండ్ విజర్డ్ థియొడోర్‌ది, అదీ 1970ల మధ్యలోనే.

ఇంతవరకూ మైకు పట్టినవాడిది రెండో స్థానమే. కోక్ లా రాక్ లాంటివాళ్లు హెర్క్ పక్కన నిలబడి స్నేహితుల పేర్లు పిలిచి, ప్రాస మాటలతో జనాన్ని ఉత్సాహపరిచేవాళ్లు. డీజే చేతులు ఖాళీ లేనంతగా పని పెరిగేకొద్దీ మాట పూర్తిగా ఎంసీ, అంటే మైకు పట్టినవాడి, చేతికి వెళ్లింది. 1979లో సిల్వియా రాబిన్సన్ తన షుగర్‌హిల్ సంస్థ ద్వారా ‘ర్యాపర్స్ డిలైట్’ విడుదల చేశాక లోకానికి హిప్‌హాప్ అంటే ర్యాప్ అయిపోయింది. 14 నిమిషాలకు పైగా సాగే ఆ రికార్డులో డీజే లేడు. షిక్ బృందం ‘గుడ్ టైమ్స్’ బాణీని స్టూడియోలో కళాకారులు మళ్లీ వాయించారు. ఒక గాయకుడు పలికిన చరణాలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ రాసుకున్నవి, ఆయనకు పేరూ దక్కలేదు, డబ్బూ దక్కలేదు. షిక్ వాళ్లు మాత్రం అడిగి రచయితలుగా పేరు వేయించుకున్నారు. పుట్టిన మొదటి పెద్ద హిట్‌లోనే, ఎవరి పనికి ఎవరు డబ్బు తీసుకుంటారన్న పేచీ పూర్తిగా ఉంది. మూడేళ్లకు వచ్చిన ‘ది మెసేజ్’ పార్టీ మాటలను పక్కనపెట్టి పేటలోని బతుకును చెప్పడంతో ర్యాప్‌కు రెండో దారి తెరుచుకుంది. గ్యాంగ్‌స్టా ర్యాప్ అయినా, రాజకీయ ర్యాప్ అయినా ఆ దారిన నడిచినవే.

ఇక యంత్రాలు. రోలండ్ కంపెనీ టీఆర్ 808 డ్రమ్ మెషిన్ 1980లో వచ్చి 1983లో ఆగిపోయింది. మొత్తం తయారైనవి సుమారు 12,000. అసలు డ్రమ్స్‌లా వినిపించదన్న కారణంతో అది సరిగా అమ్ముడుపోలేదు. సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో చవగ్గా దొరికింది కాబట్టే డబ్బులేని కుర్రాళ్ల చేతికి చేరింది. 1982 నాటి ‘ప్లానెట్ రాక్’లో మోగింది అదే. దాని బాస్ డ్రమ్ రికార్డు చేసిన శబ్దం కాదు, దెబ్బ తగలగానే కాసేపు ఊగి ఆగే ఒక సర్క్యూట్. శబ్దం ఎంతసేపటికి ఆగాలో నిర్ణయించే డికే నాబ్ తిప్పితే ఆ ఊగడం చాలాసేపు సాగుతుంది. అమెరికా దక్షిణాది నిర్మాతలు ఆ సాగే శబ్దానికి శ్రుతి కట్టి బాస్ గిటార్ బదులు వాడారు. ఈరోజు ట్రాప్ అనే ర్యాప్ శైలిలో 808 అంటే ఈ బాస్ అనే అర్థం. మన దగ్గర ఇంట్లో బీట్లు చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. ఆ శబ్దం ప్రధాన భాగం 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్ దాన్ని పలకలేదు, దాంతో హెడ్‌ఫోన్‌లో అదరగొట్టిన బీట్ ఫోన్‌లో డొల్లగా వినిపిస్తుంది. వాల్యూమ్ పెంచితే పని జరగదు. కొద్దిగా డిస్టార్షన్ కలిపితే 100, 150 హెర్ట్జ్ దగ్గర పై స్వరాలు పుడతాయి, చెవి ఆ గుర్తులను బట్టి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది. అలాగే 808ని పాట శ్రుతికి సరిచూసుకోకపోతే గొంతు ఎంత బాగున్నా మొత్తం అపశ్రుతిగా తోస్తుంది.

పాత రికార్డులోంచి చిన్న ముక్కను (శాంపిల్) తీసి దాచుకుని, కావలసినప్పుడు వినిపించే యంత్రం శాంప్లర్. దాని రాకతో డీజే చేతి పని డబ్బాలోకి ఎక్కింది. 1987లో ఈము కంపెనీ తెచ్చిన ఎస్పీ 1200 న్యూయార్క్ హిప్‌హాప్‌కు గుండెకాయ. దాని సామర్థ్యం ఇప్పుడు వింటే ఆశ్చర్యం వేస్తుంది: 12 బిట్లు, 26.04 కిలోహెర్ట్జ్, మొత్తం మెమరీ పది సెకన్ల చిల్లర, ఒక్కో శాంపిల్ రెండున్నర సెకన్లు దాటకూడదు. నిమిషానికి 90 బీట్ల వేగంలో ఒక బార్ నిడివి 2.67 సెకన్లు. అంటే ఒక్క బార్ కూడా పట్టదు. నిర్మాతలు దీనికి కనిపెట్టిన ఉపాయం ఇది: 33 వేగపు రికార్డును 45 వేగంలో తిప్పి శాంపిల్ తీయడం. అప్పుడు అదే బార్ 1.98 సెకన్లలో అయిపోతుంది. తర్వాత యంత్రంలో శ్రుతిని సుమారు ఐదు అర్ధస్వరాలు కిందికి దించితే అసలు వేగానికి వస్తుంది. దీంతో మెమరీలో నాలుగో వంతు మిగులుతుంది. శబ్ద నాణ్యత మాత్రం 19 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుకు పడిపోయి, 9.6 కిలోహెర్ట్జ్ పైనున్న తళుకు పోతుంది, గరగర చేరుతుంది. 1990ల తొలినాళ్ల న్యూయార్క్ రికార్డుల్లో డ్రమ్స్ మసకగా, బరువుగా, దుమ్ము పట్టినట్టు వినిపించడానికి పెద్ద కారణం ఈ పొదుపు. ఇప్పుడు వందల గిగాబైట్ల కంప్యూటర్ ముందు కూర్చుని అదే మసకను తెప్పించే సాఫ్ట్‌వేర్ కొంటున్నారు.

రోజర్ లిన్ రూపొందించగా అకాయ్ తయారుచేసిన ఎంపీసీ 60 మరుసటి ఏడాది వచ్చింది. పదహారు ప్యాడ్‌లు, నాలుగు వరుసలు, వేళ్లతో వాయించొచ్చు. లిన్ తెచ్చిన స్వింగ్ అమరిక దీనిలోని అసలు ఆకర్షణ. 50 శాతం అంటే బీట్లన్నీ సమదూరం. 66 దగ్గర పూర్తిగా తిస్రం, అంటే మూడేసి దెబ్బల నడక. ఆ రెంటి మధ్యలో ఉంటుంది తల ఊగించే శక్తి. 90 బీట్ల వేగంలో స్వింగ్‌ను 58కి పెడితే బార్‌ను పదహారు దెబ్బలుగా విడదీస్తే వాటిలో ప్రతి రెండోది దాదాపు 27 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతుంది. చెవి దాన్ని ఆలస్యమని గుర్తించదు, ఒంటికి మాత్రం తెలుస్తుంది. డెట్రాయిట్‌కు చెందిన జే డిల్లా ఇంకో అడుగు వేసి, దెబ్బలను యంత్రమే లెక్క ప్రకారం సరిచేసే ఏర్పాటును చాలాచోట్ల ఆపేసి చేత్తోనే వాయించాడు. స్నేర్ (చురుగ్గా మోగే డ్రమ్) కాస్త ముందు, కిక్ (బాస్ డ్రమ్) కాస్త వెనక. 2006లో 32 ఏళ్లకే చనిపోయిన ఆయన వాడిన ఎంపీసీ ఇవాళ వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ నడిపే ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది. ఇప్పటి జాజ్ డ్రమ్మర్లు ఆ తడబాటు నడకను చేతులతో సాధన చేస్తున్నారు. యంత్రం మీద పుట్టిన లయ తిరిగి మనుషుల చేతికి వచ్చింది. హిప్‌హాప్ సంగీతానికి ఇచ్చినవాటిలో దీనికన్నా విలువైనది మరొకటి కనబడదు.

కోర్టుల ప్రభావం యంత్రాల ప్రభావం కన్నా తక్కువేమీ కాదు. ఒక పాటలో రెండు హక్కులుంటాయి: బాణీ, సాహిత్యాలది ఒకటి, రికార్డు చేసిన శబ్దానిది మరొకటి. శాంపిల్ తీస్తే రెండింటికీ అనుమతి కావాలి. 1980ల చివర్లో పబ్లిక్ ఎనిమీ, డి లా సోల్, బీస్టీ బాయ్స్ డజన్లకొద్దీ ముక్కలు పొరలు పొరలుగా పేర్చినప్పుడు ఈ పట్టింపు పెద్దగా లేదు. 1991 డిసెంబరులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి కెవిన్ డఫీ, గాయకుడు గిల్బర్ట్ ఒసలివన్ పాటను ర్యాపర్ బిజ్ మార్కీ వాడుకున్న కేసులో దొంగతనం చేయరాదన్న బైబిల్ ఆజ్ఞతో తీర్పు మొదలుపెట్టి, క్రిమినల్ విచారణకూ సిఫారసు చేశారు. దాంతో సంస్థలు బెదిరిపోయాయి. పాటకు ఇరవై శాంపిళ్లున్న పద్ధతి డబ్బు లెక్కల్లో అసాధ్యమైంది, ఒకటీ రెండుకు తగ్గింది. లాస్ ఏంజెలెస్‌లో డాక్టర్ డ్రే కళాకారుల చేత పాత ఫంక్ బాణీలను మళ్లీ వాయించే దారిని ఎక్కువగా వాడాడు. మళ్లీ వాయిస్తే రికార్డు హక్కు అక్కర్లేదు, బాణీ హక్కు చాలు. 1992లో ఆయన ‘ది క్రానిక్’తో స్థిరపడిన పశ్చిమ తీరపు నున్నటి శబ్దానికి ఈ ఏర్పాటు కూడా ఒక కారణం.

ఆ తర్వాత చట్టం ఇంకా బిగుసుకుంది. ఎన్‌డబ్ల్యూఏ అనే ర్యాప్ బృందం పాటలో వాడిన రెండు సెకన్ల గిటార్ ముక్క విషయంలో 2005లో ఒక అప్పీలు కోర్టు, ఎంత చిన్నదైనా లైసెన్సు తీసుకోవాల్సిందేనంది. 2016లో మడోనా ‘వోగ్’ పాటలోని 0.23 సెకన్ల బాకా శబ్దం కేసులో మరో అప్పీలు కోర్టు అంత చిన్నదానికి అక్కర్లేదంది. రెండూ ఇప్పటికీ నిలిచే ఉన్నాయి, ఏ ప్రాంతంలో దావా పడుతుందన్నదాన్ని బట్టి ఫలితం. పాత ఒప్పందాలు ఎల్పీలకు, క్యాసెట్లకే వర్తించేలా రాసుకోవడం వల్ల డి లా సోల్ 1989 ఆల్బమ్ 2023 మార్చి 3 దాకా స్ట్రీమింగ్‌లోకే రాలేదు.

ఇంత చట్టం ఉండి కూడా డ్రమ్మర్లకు దక్కింది శూన్యం. జేమ్స్ బ్రౌన్ ‘ఫంకీ డ్రమ్మర్’లో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ 1969 నవంబరులో వాయించిన ఎనిమిది బార్లు లెక్కలేనన్ని ర్యాప్ పాటలకు వెన్నెముక. రచయితగా ఆయన పేరు లేదు కాబట్టి ఆ శాంపిళ్ల రాయల్టీలో ఆయనకు వాటా లేదు. విన్‌స్టన్స్ బృందం ‘ఆమెన్, బ్రదర్’లో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల బ్రేక్ ప్రపంచంలో అత్యధికంగా శాంపిల్ అయినవాటిలో ఒకటి. ఆయన 2006లో ఇల్లు కూడా లేని స్థితిలో చనిపోయారు. 2015లో అభిమానులు చందాలు పోగుచేసి 24,000 పౌండ్లు ఇచ్చింది బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు. డ్రమ్ నడకను సంగీత రచనగా గుర్తించని పాత ఆలోచనే దీనికి మూలం, అది అన్యాయం. బ్రేక్‌నే పునాదిగా చేసుకున్న సంగీతం ఈ అన్యాయాన్ని తనంతట తాను సరిదిద్దుకోలేదన్నది కూడా నిజం.

సమాజం మీద ప్రభావం గురించి ఎంతైనా రాయొచ్చు, కొలవదగినవి మాత్రం కొన్ని. 1991లో హిట్ పాటల జాబితాలు వేసే బిల్‌బోర్డ్ పత్రిక దుకాణదారుల మాట మీద ఆధారపడడం మాని బార్‌కోడ్ అమ్మకాలను లెక్కించడం మొదలుపెట్టగానే ర్యాప్ ఆల్బమ్‌లు ఒక్కసారిగా పైకి ఎగబాకాయి. 2017లో అమెరికాలో ఎక్కువగా వినే సంగీత విభాగంగా ఆర్అండ్‌బీ, హిప్‌హాప్ నిలిచాయి. మరుసటి ఏడాది ర్యాపర్ కెండ్రిక్ లమార్‌కు సంగీతంలో పులిట్జర్ వచ్చింది, శాస్త్రీయం, జాజ్ కాని సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ పతక క్రీడ అయింది.

భారత్‌తో లావాదేవీ రెండు వైపులా నడిచింది. 1981 నాటి ‘జ్యోతి’ సినిమాలో లతా మంగేష్కర్ పాడిన బప్పీ లాహిరి పాటను 2002లో డీజే క్విక్ ‘అడిక్టివ్’ అనే పాటకు అనుమతి లేకుండా వాడితే, లాహిరి పేరు వేసేదాకా అమ్మకాలు ఆపాలని అమెరికా కోర్టు ఆదేశించింది. ఇటువైపు, తమిళం నుంచి 1994లో డబ్ అయిన ‘ప్రేమికుడు’తో ఊరూరా ర్యాప్ అనే మాట తెలిసింది. కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబంలో పుట్టిన రాజకుమారి చిన్ననాడు నేర్చిన నాట్యపు జతులను ర్యాప్ నడకలోకి తెచ్చింది. మూడేసి అక్షరాల తిస్ర గతి అట్లాంటా ర్యాపర్ల వల్ల ఈ మధ్య ఫ్యాషన్ అయింది గానీ, మన మృదంగం తెలిసినవాళ్లకు అది రోజూ వాడే సరుకే.

తెలుగులో ర్యాప్ రాయడానికి ఛందస్సు లెక్క నేరుగా పనికొస్తుంది. ఒక బార్‌లో నాలుగు బీట్లు, బీట్‌కు నాలుగు చోట్లు, మొత్తం పదహారు. లఘువుకు ఒకటి, గురువుకు రెండు. ‘గల్లీ లోపల పుట్టిన మాటే, అల్లరి చేసెను పట్టణమంతా’ అన్న నమూనా పంక్తులు చూడండి. ఒక్కో పంక్తిలో నాలుగు మాత్రల గణాలు నాలుగు, సరిగ్గా పదహారు మాత్రలు. రెండో అక్షరంగా ‘ల్ల’ ప్రాస కుదిరింది, మూడో గణంలో ‘ట్ట’ పలికింది. కాగితం మీద నిండుగా ఉంది, మైకు ముందు మాత్రం ఊపిరికి చోటు లేదు. ప్రతి రెండో పంక్తిలో చివరి గణం ఖాళీ వదలాలి. 90 బీట్ల వేగంలో పదహారు బార్లంటే దాదాపు 43 సెకన్లు, ఖాళీ వదలకుండా ఎవరూ లాగలేరు. ఇంకో సమస్య క్రియలు. ‘మాట్లాడుతున్నాను’ పది మాత్రలు, గణాల మధ్య ఇరుక్కుంటుంది. నోట్లో వాడే ‘మాట్లాడ్తున్నా’ సరిగ్గా ఎనిమిది, అర బార్. రోల్ రైడా లాంటి హైదరాబాద్ ర్యాపర్ల నోట తెలంగాణ యాస బీట్ మీద అంత సులువుగా కూర్చోవడానికి ఇదొక కారణం. ‘వచ్చాను, చూశాను, గెలిచాను’ తరహా అంత్యప్రాస తెలుగులో అప్పనంగా వస్తుంది, అందుకే తేలిపోతుంది. పంక్తి లోపలి ప్రాస మీదే ర్యాపర్ పనితనం తెలుస్తుంది. దీర్ఘాన్ని హ్రస్వంగా కుదించి ఇరికించడం మాత్రం చెయ్యకూడదు, వినేవాడికి మాటే మారిపోతుంది.

పాత తెలుగు సినిమా పాట నుంచి ముక్క తీసుకోవాలనుకుంటే రికార్డు హక్కున్న ఆడియో కంపెనీ అనుమతి, బాణీ, సాహిత్య హక్కుదారుల అనుమతి, రెండూ కావాలి. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కు గట్టిపడింది కాబట్టి కంపెనీ ఒక్కటే సరే అంటే కుదరదు. ఐదేళ్లు దాటిన పాటలను మళ్లీ పాడుకోవడానికి చట్టంలో ఉన్న వెర్షన్ రికార్డింగ్ వెసులుబాటు శాంపిల్‌కు వర్తించదు. యూట్యూబ్‌లో పెట్టగానే హక్కులున్న శబ్దాన్ని గుర్తించే దాని కంటెంట్ ఐడీ వ్యవస్థ ఆ ముక్కను పట్టుకుంటే ఆదాయం మొత్తం అటే పోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న బీట్ అయితే అది లీజా, పూర్తి హక్కా అన్నది ముందు చూసుకోవాలి, ఎందుకంటే లీజు బీట్‌ను ఇంకో యాభై మందికి అమ్మే హక్కు చేసినవాడికి ఉంటుంది. బీట్ చేసినవారు, రాసినవారు, పాడినవారు వాటాలెంతో విడుదలకు ముందే కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోవాలి, డ్రమ్స్ వాయించిన మనిషి ఉంటే ఆ పేరు కూడా అందులో చేర్చాలి.